నల్లమలలో పులులు నిజంగా ఉన్నాయా? ఉంటే మనకెందుకు కనపడవు?

మీ ప్రశ్న చూశాను. పదేళ్లలో ఇరవైసార్లు శ్రీశైలం వెళ్లారు. ఫరహాబాద్‌లో ఒకసారి, తుమ్మలబైలులో ఒకసారి సఫారీ చేశారు. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు తప్ప ఏమీ కనపడలేదు. తొమ్మిదేళ్ల మీ పాప "నాన్నా, ఇక్కడ పులి లేదా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. పేపర్లో రాసే పులుల లెక్కలు నిజమా, కాగితాల మీది పులులా, చూడాలంటే ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఉన్నాయి. లెక్కలు కూడా నిజమే. మీకు కనపడకపోవడం మామూలు విషయం, కనపడితే అదృష్టం. ఇంకో పదిసార్లు వెళ్లినా కనపడకపోవచ్చు.

నేను ఆత్మకూరు, మార్కాపురం వైపు అడవుల్లో పన్నెండేళ్లు కెమెరా ట్రాపుల (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాల) పని చేశాను. ఏడాదిలో నాలుగైదు నెలలు అడవిలోనే ఉండేవాళ్లం. అన్నేళ్లలో నా కళ్లతో నేను పెద్దపులిని చూసింది ఏడుసార్లు. అందులో రెండుసార్లు తోక, వెనక కాళ్లు మాత్రమే. కెమెరాల్లో మాత్రం కొన్ని వందల ఫొటోలు చూశాను. నల్లమల పులి సంగతి అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఉగాదికి కర్ణాటక భక్తులు, శివరాత్రికి మనవాళ్లు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్తారని తెలుసు కదా. ఓ ఏడు ఆ దారికి కాస్త పక్కగా మేం పెట్టిన కెమెరా కార్డు తీసి చూస్తే వరసగా ఇలా ఉంది. సాయంత్రం 5:50కి చేతికర్రలతో, తలమీద మూటలతో ఒక గుంపు. రాత్రి 9:12కి ఎలుగుబంటి. తెల్లవారుజామున 3:40కి ఆడపులి, తల దించుకుని, నిదానంగా, ఎక్కడికో పనిమీద వెళ్తున్నట్టు. ఉదయం 6:05కి మళ్లీ భక్తులు. ఆ పులి అడుగుల మీదుగానే నడుస్తున్నారు. ఒకాయన పళ్లు తోముకుంటూ వెళ్తున్నాడు. వాళ్లలో ఒక్కరికీ తెలియదు. పులికి మాత్రం వాళ్ల గురించి అంతా తెలుసు. ఎంతమంది వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, దారి ఎప్పుడు ఖాళీ అవుతుంది, అన్నీ.

లెక్క ఎలా వస్తుంది

మీ అనుమానం తప్పేం కాదు. ఒకప్పుడు నిజంగానే కాగితాల మీద పులులు ఉండేవి. అప్పట్లో అడుగుజాడల మీద గాజుపలక పెట్టి గీసుకునేవారు, ప్లాస్టర్‌తో అచ్చు తీసేవారు. ఆ గీతల్ని పోల్చి ఇది ఒక పులి, ఇది ఇంకో పులి అని తేల్చేవారు. తడి ఇసుకలో పడిన అడుగు ఒకలా ఉంటుంది, గట్టి నేలమీద అదే పులి అడుగు ఇంకోలా ఉంటుంది. దాంతో ఒకే పులి రెండుగా లెక్కకెక్కేది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులున్నాయని రాసుకుంటూ పోయారు, 2004-05 నాటికి చూస్తే ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ దెబ్బతోనే పద్ధతి మారింది. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే రకంగా లెక్కిస్తున్నారు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ, డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ కలిసి, రాష్ట్రాల అటవీ సిబ్బందితో చేయిస్తాయి.

పనిలో మొదటి భాగం నడక. ప్రతి బీటులో (ఒక గార్డు చూసుకునే అడవి ముక్కలో) సిబ్బంది పొద్దున్నే బయల్దేరి అడుగులు, పెంట, చెట్ల మీద గోళ్ల గీతలు వెతుకుతారు. తర్వాత ఒక సరళరేఖలో రెండు కిలోమీటర్లు నడుస్తూ దుప్పి, కణుతి (సాంబార్ జింక), మనుబోతు (నీల్‌గాయ్), అడవిపంది ఎన్ని కనిపించాయో, ఎంత దూరంలో కనిపించాయో రాసుకుంటారు. పులికి తిండి ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో భాగం కెమెరాలు. అడవి మ్యాపును రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికో జత కెమెరాలు పెడతాం. మోకాలి ఎత్తులో, దారికి అటొకటి ఇటొకటి, ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో పడకుండా కొంచెం ఎడంగా. జత ఎందుకంటే, పులికి ఎడమవైపు చారలు ఒకలా, కుడివైపు ఇంకోలా ఉంటాయి. రెండు వైపులా దొరికితేనే అది ఫలానా పులి అని ఖాయంగా చెప్పగలం. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. పక్కటెముకల మీద, తొడ మీద ఉన్న చారల్ని కంప్యూటర్‌లో పోలుస్తాం. కంప్యూటర్ దగ్గరి పోలికలు చూపిస్తుంది, ఆఖరి మాట మాత్రం మనిషి కళ్లదే. నేను కొన్ని ఆడపులుల్ని తొడమీది ఒక్క చార చూసి చెప్పేసేవాణ్ని. ఒకదానికి అచ్చం మన "ర" అక్షరంలా ఉండేది.

"మరి కెమెరాకి చిక్కని పులుల సంగతేంటి?" అని అందరూ అడుగుతారు. దీనికో చిన్న లెక్క ఉంది. మీ ఊరి సంతకు మొదటి వారం వెళ్లి ముప్పైమంది ఫొటోలు తీశారనుకోండి. రెండో వారం నలభైమందిని తీస్తే అందులో ఇరవైమంది పాత ముఖాలే. అంటే మీరు తీసేవాళ్లలో సగంమంది ముందే తెలిసినవాళ్లు. అంటే మొదటి ముప్పైమంది మొత్తం జనంలో సుమారు సగం. సంతకొచ్చేది అరవైమంది దాకా ఉంటారన్నమాట. పులుల విషయంలో ఈ లెక్క ఇంకా జటిలంగా ఉంటుంది గానీ మూలం ఇదే. ఏడాదిలోపు కూనల్ని లెక్కలో కలపరు, వాటిలో చాలావరకు బతుకుతాయన్న నమ్మకం ఉండదు కాబట్టి.

2022 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కి 63 పులులు వచ్చాయి. 2018లో అవి 48. ఆ 63లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోనే 58. కృష్ణకు ఉత్తరాన తెలంగాణ వైపున్న అమ్రాబాద్‌లో 12. తెలంగాణ మొత్తం మీద 2018లో 26 ఉంటే 2022లో 21 వచ్చాయి. లెక్కలు ఎవరో కావాలని పెంచుకుంటూ పోయేవైతే ఈ తగ్గుదల ఎందుకు రాస్తారు?

మరి ఎందుకు కనపడవు

నాగార్జునసాగర్ శ్రీశైలం దేశంలోనే అతిపెద్ద పులుల అభయారణ్యం. కోర్ (లోపలి అడవి), బఫర్ (దాని చుట్టూ ఉన్న అంచు) కలిపి 3,296 చదరపు కిలోమీటర్లు. ఇందులో 58 పులులంటే ఒక్కో పులికి దాదాపు 57 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ నగరం, అంటే పాత జీహెచ్ఎంసీ, విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంటే పటాన్‌చెరు నుంచి హయత్‌నగర్ దాకా, అల్వాల్ నుంచి రాజేంద్రనగర్ దాకా ఊరంతా చెట్లే ఉండి, అందులో పదకొండు పులులు తిరుగుతున్నాయనుకోండి. మీరు అందులో ఒక్క రోడ్డు మీద రెండు గంటలు జీపులో వెళ్లారు. కనపడుతుందా?

ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ చూడండి. 1,288 చదరపు కిలోమీటర్లలో 260 పులులు. అక్కడ ఒక్కో పులికి ఐదు చదరపు కిలోమీటర్లు. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఫొటోలు పెడితే, అవి చూసి నల్లమలని తక్కువ చేయకండి. అది నదీ మైదానాల పచ్చిక, ఇది ఎండు కొండల అడవి. తిండి ఎక్కడుంటే పులులు అక్కడ ఎక్కువుంటాయి. ఒక పులి ఏడాదికి దుప్పి, కణుతి సైజు జంతువులు యాభై దాకా చంపి తింటుంది. అలా తింటున్నా మంద తరగకుండా ఉండాలంటే దాని చుట్టూ ఐదొందల జంతువులుండాలి. నల్లమలలో కొన్ని చోట్ల అంత మంద ఉంది, చాలా చోట్ల ఇంకా లేదు.

లేకపోవడానికి కారణం కూడా చెప్పాలి. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్టు టైగర్‌లోకి వచ్చింది. ఆ తర్వాత 80ల చివరి నుంచి 2000ల మధ్య వరకు నల్లమల లోపలికి అటవీ సిబ్బంది వెళ్లలేని పరిస్థితి. నక్సలైట్లు, పోలీసులు, ఎదురుకాల్పులు. ఆ సందులో వేటగాళ్లు, కలప దొంగలు వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు. సిబ్బంది మళ్లీ లోపలికి వెళ్లి బేస్ క్యాంపులు వేసుకోవడం మొదలయ్యాకే మందలు కోలుకున్నాయి, వాటి వెనకే పులులూ. కాబట్టి ఈ 58 అన్నది పడి లేచిన అడవి సంఖ్య. అలా చూస్తే నాకు అది చాలా పెద్ద సంఖ్యే.

ఇంకో కారణం, నల్లమల పులికి బళ్లంటే అలవాటు లేదు. మహారాష్ట్రలోని తడోబాలో, మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో కూనగా ఉన్నప్పటి నుంచి జీపుల్ని చూస్తూ పెరుగుతాయి, పట్టించుకోవు. ఇక్కడ సఫారీ దారులు చాలా తక్కువ. 2012 మార్గదర్శకాల ప్రకారం కోర్‌లో ఐదో వంతుకు మించి పర్యాటకానికి వాడకూడదు. నల్లమలలో అంత కూడా లేదు. అందుకని ఇంజను చప్పుడు వినగానే పక్కకి తప్పుకుంటుంది. బోధగడ్డి ఎదిగి ఉంటే నాలుగు గజాల్లో పడుకుని ఉన్నా మీకు తెలీదు. ఎండుగడ్డి రంగు, నీడల చారలు, దానికి ఇంకేం కావాలి?

పెద్దపులి వేరు, చిరుత వేరు

ఇది అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మన పేపర్లు, టీవీలు రెండింటినీ "పులి" అనే రాస్తాయి. "ఘాట్ రోడ్డులో పులి సంచారం, భక్తుల్లో టెన్షన్" అని వచ్చే వీడియోల్లో పదికి తొమ్మిది చిరుతలు. శ్రీశైలంలో ప్రహరీల మీద కనిపించేది, తిరుమల నడకదారిలో తిరిగేది చిరుత. దాని ఒంటి మీద మచ్చలుంటాయి, చెట్టెక్కుతుంది, కుక్కల కోసం ఊరి అంచుల్లోకి వస్తుంది. పెద్దపులికి చారలు, ఒళ్లు చిరుతకి మూడింతలు, మనుషుల చప్పుడుకి దూరంగా పోతుంది. మీ పాపకి ముందు ఈ తేడా చెప్పండి.

అలాగని పెద్దపులి ఊళ్ల దగ్గరికి రాదని కాదు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురంలో నాలుగు ఆడకూనలు ఊరి పక్కనే దొరికాయి. కుక్కలు పీకకుండా ఊరివాళ్లే కాపాడారు. టీ-108 అనే తల్లి దగ్గరికి చేర్చాలని రోజుల తరబడి ప్రయత్నించారు, కుదరలేదు. తిరుపతి జూకి తరలించారు. ఆ పనిలో నేను లేను, కానీ అప్పుడు చాలామంది అడిగారు, పెద్దయ్యాక అడవిలో వదిలేయొచ్చు కదా అని. కూన తల్లితో ఏడాదిన్నర, రెండేళ్లు ఉంటుంది. ఎక్కడ మాటు వేయాలి, గొంతు ఎక్కడ పట్టాలి, అడవిపంది కోరల్ని ఎలా తప్పించుకోవాలి, అన్నీ తల్లి వెనక తిరిగి నేర్చుకుంటుంది. మనుషుల చేతి మాంసం తిని పెరిగిన పులికి ఆ చదువు ఉండదు. పైగా మనిషి అంటే భయం పోతుంది. ఆ భయమే దాన్నీ మననీ కాపాడేది.

చూడాలంటే ఏం చేయాలి

పులిని చూడటమే ముఖ్యమైతే, దాచకుండా చెప్తున్నాను, నల్లమలకి కాదు, తడోబాకి వెళ్లండి. హైదరాబాద్ నుంచి రైల్లో బల్లార్షా గానీ చంద్రాపూర్ గానీ దిగితే దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు సఫారీలు బుక్ చేసుకుంటే చూసే అవకాశం బాగా ఉంటుంది. మైసూరు వైపు వెళ్లే పనుంటే నాగరహొళె కూడా మంచిదే.

నల్లమలలోనే ప్రయత్నిస్తానంటే ఆత్మకూరు దగ్గర బైర్లూటి క్యాంపు నా మొదటి మాట. రాత్రి అక్కడే ఉండి, తెల్లవారకముందే బయల్దేరాలి. చెంచు యువకులు గైడ్లుగా ఉంటారు. శ్రీశైలం నుంచి పొద్దున్న పదింటికి దర్శనం చేసుకుని సఫారీకి వెళ్తే ఎండ తప్ప ఏమీ కనపడదు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి అడవి చూడటానికి బాగుంటుంది, నిజాం కాలంలో షికారు విడిది అది, కానీ అక్కడ పులి మీద ఆశ పెట్టుకోకండి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలలు రెండు రాష్ట్రాల్లోనూ సఫారీలు మూసేస్తారు. మార్చి నుంచి మే వరకు ఆకు రాలి, నీళ్లు కొన్నిచోట్లే మిగులుతాయి కాబట్టి కనపడే వీలు ఎక్కువ. ఎండకి పిల్లలు తట్టుకోగలరా అన్నది మీరు చూసుకోవాలి.

అయితే నేను మీకు చెప్పదలచుకున్నది వేరే. పులిని కాదు, పులి జాడల్ని చూడటానికి వెళ్లండి. నాకు ఈ పని నేర్పింది ఒక చెంచు పెద్దాయన. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, పుట్టి పెరిగినవాడు, క్యాంపులో వాచర్‌గా చేసేవాడు. బడికి వెళ్లలేదు. మొదటి నెలలో ఒకరోజు పొద్దున్నే వాగు దాటుతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఒక నల్లమద్ది చెట్టు దగ్గరికి తీసుకెళ్లి "వాసన చూడు సారూ" అన్నాడు. మొసలి చర్మంలా పగిలిన ఆ బెరడు మీద, నడుము ఎత్తులో తడి మరక. ముక్కు దగ్గర పెట్టి చూస్తే సన్నబియ్యం ఉడుకుతున్న వాసన! పులి తన హద్దు చెప్పడానికి చిమ్మిన తడి అది. బాస్మతికి ఆ వాసన ఇచ్చే పదార్థమే ఇందులోనూ ఉంటుందని తర్వాత చదివాను. ఆయనకి ఆ పదార్థం పేరు తెలీదు, కానీ మరక చూసి రాత్రిదా, పొద్దుటిదా చెప్పగలడు.

ఆ తర్వాత ఇసుకలో అడుగు చూపించాడు. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మెత్త, గోళ్ల గుర్తులు లేవు. కుక్క, రేచుకుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్లు పడతాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. మగపులి అడుగు చతురస్రంలా, వేళ్లు గుండ్రంగా ఉంటాయి. ఆడపులిది కాస్త నిడివిగా, వేళ్లు కొనదేరి ఉంటాయి. ఆ అడుగు అంచులు పదునుగా ఉన్నాయి. చుట్టూ ఇసుక మీద మంచు చుక్కలు రాలిన చిన్న గుంటలున్నాయి గానీ అడుగు లోపల ఒక్కటీ లేదు. అంటే మంచు కురవడం అయ్యాక నడిచింది. గంట కూడా కాలేదు. నాకు ఒళ్లు జలదరించింది. అంతలో పైన గట్టు మీద కణుతి "ఢాంక్" అని అరిచింది. ఒక్కసారి కాదు, ఆగి ఆగి. దుప్పి అరుపుని అంతగా నమ్మలేం, చిన్నదానికీ బెదురుతుంది. కొండముచ్చు చెట్టు మీంచి ఖక్ ఖక్ అంటే నమ్మొచ్చు. కణుతి అదేపనిగా అరిస్తే ఇంక అనుమానమే లేదు. ఇద్దరం బండరాయి చాటున నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అరుపు గట్టు వెంబడి మెల్లగా అవతలికి సాగి, లోయలోకి దిగి ఆగిపోయింది. పులి మాకు కనపడలేదు. కానీ అది ఎక్కడ బయల్దేరి ఎక్కడికి వెళ్లిందో మొత్తం విన్నాం.

నేను కళ్లతో చూసిన ఏడుసార్ల కన్నా ఆ పొద్దు నాకు ఎక్కువ గుర్తు.

మీవల్ల అయ్యేవి కొన్ని

పులిని చంపేది ఇప్పుడు తుపాకీ కంటే ఎక్కువగా ఉచ్చు, కరెంటు తీగ, విషం. ఉచ్చు పులి కోసం వేయరు, అడవిపంది కోసమో దుప్పి కోసమో వేస్తారు. మేం కెమెరాలు మార్చడానికి వెళ్తూ ఒకసారి నీటిగుంట దారిలో పదకొండు ఉచ్చులు తీశాం. అన్నీ బైకు క్లచ్ వైర్లే. ఒకదాంట్లో కుందేలు. ఆ దారిలోనే మూడు రోజుల ముందు కెమెరాలో రెండు పెద్ద కూనలతో ఆడపులి నడిచింది. అంతకు మించి చెప్పలేను, ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

విషం సంగతి వేరు. పులి ఆవుని చంపితే దాన్ని ఒకే పూటలో తినదు, మళ్లీ వస్తుంది. కోపంలో ఆ కళేబరం మీద పురుగుమందు చల్లితే పులితోపాటు నక్కలు, రాబందులు అన్నీ పోతాయి. ఓ బఫర్ ఊళ్లో ఒక రైతు పాడి ఆవుని పోగొట్టుకున్నాడు. ఉన్నది అదొక్కటే. ఆయన కోపాన్ని నేను తప్పు పట్టలేదు. అదే సాయంత్రం బీటు ఆఫీసరు వచ్చి ఫొటోలు తీసి, పరిహారం కాగితాలు ఆ రాత్రికే రాయించుకున్నాడు. డబ్బు త్వరగానే వచ్చింది. ఆ కళేబరం జోలికి ఎవరూ వెళ్లలేదు. ఇంకో ఊళ్లో కాగితాలు నెలల తరబడి కదల్లేదు, అక్కడ జనం ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలుసు. పరిహారం ఎంత త్వరగా వస్తే పులి అంత భద్రం. ఊరివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పశువు పోతే కళేబరాన్ని కదపకుండా వెంటనే బీటు ఆఫీసరుకి ఫోన్ చేయండి. కదిపితే పులి చంపిందని రుజువు చేయడం కష్టమవుతుంది.

మీలాంటి యాత్రికుల విషయానికొస్తే, మన్ననూరు గేటు, దోర్నాల గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు కదా. చాలామంది విసుక్కుంటారు. "నాకు అర్జంటు, ఫలానాయన తెలుసు" అని గేటు దగ్గర గొడవపడేవాళ్లని ఎంతోమందిని చూశాను. ఆ తొమ్మిది గంటలూ ఆ రోడ్డు అడవిది. రోడ్డుకి అటువైపు పుట్టిన పులి ఇటువైపు జత వెతుక్కోవడానికి దాటేది అప్పుడే. పగలు వటవర్లపల్లి దగ్గర, ఈగలపెంట ఘాట్‌లో కోతులకి అరటిపళ్లు, బిస్కెట్లు విసరకండి. అది పుణ్యం కాదు, వాటికి రోడ్డు మీద చావు. వేసవిలో పొయ్యి పెట్టకండి, బీడీ ముక్క పారేయకండి. ఫిబ్రవరి దాటాక బోధగడ్డి అగ్గిపుల్లలాంటిది, ఒక నిప్పురవ్వకి గట్టుకి గట్టు కాలిపోతుంది. ఆ మంటల్ని ఆర్పేది పచ్చికొమ్మలు చేతబట్టుకున్న నలుగురైదుగురు వాచర్లే, ఫైరింజను అక్కడికి రాదు.

ఆ వాచర్లలో ఎక్కువమంది చెంచులే. బేస్ క్యాంపులో ఐదుగురు చొప్పున, నెలలో ఎక్కువ రోజులు ఇల్లు వదిలి, రోజూ పదీ పదిహేను కిలోమీటర్లు నడుస్తారు. నల్లమలలో పులులున్నాయంటే వీళ్ల కాళ్ల వల్లే అని నేను నమ్ముతాను. శ్రీశైలం మల్లన్నని తమ అల్లుడంటారు, అడవిని పుట్టిల్లులా చూస్తారు. వాళ్ల జీతాలు ఆలస్యమైన నెలల్లో కూడా గస్తీ ఆపనివాళ్లని నేను ఎరుగుదును. పులుల అభయారణ్యం పేరు చెప్పి పెంటలు ఖాళీ చేయించాలనే మాట వచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. బలవంతంగా పంపితే పోయేది వాళ్ల ఊళ్లు మాత్రమే కాదు, ఆ పెద్దాయన లాంటి కళ్లు, ముక్కులు కూడా.

ఇంకో విషయం. మొన్నమొన్నటిదాకా నల్లమల ఒక దీవి అనుకునేవాళ్లం. ఇప్పుడు పులులు దక్షిణంగా కడప వైపు, లంకమల, పెనుశిల అడవుల మీదుగా శేషాచలం దిక్కుకి నడుస్తున్నాయి. వయసుకొచ్చిన మగపులి తండ్రి హద్దులో ఉండలేదు, వెళ్లక తప్పదు. మధ్యలో రోడ్లు, పొలాలు, కాలవలు ఉన్నాయి. ఆ దారి తెరిచి ఉంటే రాబోయే లెక్కల్లో మన సంఖ్య పెరుగుతుంది, లేకపోతే పిల్లలు పుట్టినా నిలవడానికి చోటు దొరకదు. అమ్రాబాద్‌లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు 2019లో జనం గట్టిగా నిలబడ్డారు, తెలంగాణ అసెంబ్లీ కూడా వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పులులు నడిచే ఈ దారి (కారిడార్) గురించి కూడా అంత పట్టుదల ఉండాలని నా కోరిక.

మీ పాప ప్రశ్నకి వస్తాను. ఈసారి నవంబర్, డిసెంబర్లలో వెళ్లండి, వాగుల పక్కన ఇసుక తడిగా ఉంటుంది. బైర్లూటిలో రాత్రి ఉండి పొద్దున్నే మొదటి జీపు ఎక్కండి. పులి చూపించమని గైడ్‌ని అడగొద్దు, "అన్నా, అడుగులు కనిపిస్తే ఆపు" అని చెప్పండి. కిందికి దిగడానికి అతను ఒప్పుకున్న చోటే దిగండి. అడుగు దొరికితే తొక్కకుండా, పాపని పక్కన కూర్చోబెట్టి, దాని పక్కనే తన అరచేయి ఇసుకలో అద్దమనండి. రెండూ కలిపి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఆడదో మగదో, ఎప్పుడు నడిచిందో నేను చెప్తాను.